మా బండి కింద కుక్క

బండి కింద నడిచే కుక్క, బండిని తానే లాగుతున్నాననుకుంటుందట. గొప్పలు పోయేవాళ్ళను ఎత్తిపొడవడానికి మావైపు ఈ మాట ఇప్పటికీ వాడతారు. పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. నేను నవ్వలేను. నేనెరిగిన కుక్క ఒకటి నిజంగానే బండిని నడిపింది. అది నా చేతిలో చచ్చిపోయింది. చిరుత ఎత్తుకుపోయిందని నేను ఊరంతటికీ చెప్పాను. ఇన్నేళ్ళూ ఆ చిరుతనే మోసుకుంటూ వచ్చాను. ఇక మోయలేక రాస్తున్నాను.

అప్పటికి మేము కర్నూలు జిల్లా వాళ్ళం. మమ్మల్ని మద్రాసు నుంచి ఏలేవాళ్ళు. మాకున్నది నాలుగు ఎకరాల మెట్ట. వానపడితే జొన్నలు, పడకపోతే రాళ్ళు. మమ్మల్ని సాకింది పొలం కాదు, బండి. యర్రగొండపాలెం పైన అడవిలో వెదురు కొట్టే కూపులు, సర్కారు పాటకిచ్చే అడవి ముక్కలు, ఉండేవి. అక్కడ వెదురు ఎక్కించుకొని మార్కాపురం స్టేషనులో దించాలి. నాయన ఇరవై ఏళ్ళు అదే దారిన తిరిగాడు. ఒకరోజు స్టేషనులో వెదురు దించుతుంటే బండి వెనక్కి దొర్లి చక్రం ఆయన ఎడమపాదం మీదుగా పోయింది. పాదం మానింది కానీ నేలమీద మోపడం కుదరలేదు. ఆయన అరుగు మీద కూర్చుండిపోయాడు. బండి నా చేతికొచ్చింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు.

బండితో పాటు ఎద్దులూ వచ్చాయి, వాటితో పాటు కుక్కా వచ్చింది. మట్టిరంగు కుక్క. ఒక చెవి సగమే ఉండేది, మిగతా సగం చిన్నప్పుడే ఏ పందో కొరికింది. దానికి పేరు లేదు. నాయన నాలుకను పళ్ళకు తగిలించి టక్కున చప్పుడు చేస్తే వచ్చేది. నేను చేస్తే తల ఎత్తి చూసి, చేసింది నాయన కాదని తెలుసుకొని మళ్ళీ పడుకునేది. నాకు అప్పుడే దానిమీద కొంచెం మంట ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బండివాళ్ళందరికీ కుక్కలుండేవి. ఎండకు బండి నీడలో, ఇరుసు కింద నడుస్తాయి. ఆగినచోట బండికి కాపలా ఉంటాయి. అంతవరకే వాటి పని. మా కుక్క తీరు వేరు. ఎద్దులు కోడెదూడలుగా ఉన్నప్పుడు నాయన ఈ కుక్కపిల్లను తెచ్చి వాటి కొట్టంలోనే పడేశాడు. మూడూ ఒకటిగా పెరిగాయి. కుక్క తమ వెనక, ఇరుసు కింద నడుస్తున్నా దాని అడుగు ఎద్దులకు తెలిసేది. అది ఆగితే అవి ఆగేవి. వాగు దగ్గరికి వస్తే ముందుకు వచ్చి, నీళ్ళలోకి దిగి, లోతు లేనిచోట అవతలికి పోయి నిలబడేది. ఎద్దులు దాని జాడనే దిగేవి. దారిలో పామున్నా, గుంట పడ్డా అది ముందు ఆగేది. ఆ నమ్మకంతోనే నాయన బండిమీద నిద్రపోయేవాడు. ఎద్దులు నిలబడితే లేచి, దిగి, ఏముందో చూసేవాడు. ఆ కుక్క వచ్చాక ఆయన కళ్ళు మూసుకొని బండి తోలాడంటే అబద్ధం కాదు.

కుక్కను ఎన్నడూ కట్టొద్దన్నది ఆయన నాకు చెప్పిన మొదటి మాట. కట్టిన కుక్క బండిని చూడదు, మెడలో తాడునే చూస్తుందని అనేవాడు.

నలుగురైదుగురు బండివాళ్ళం కలిసి పోయేవాళ్ళం. అందరికీ పెద్ద మా మామ. అమ్మకు అన్న వరస అవుతాడు. నోరు పెద్దది, మనసు మంచిది. మేనల్లుణ్ణి ఆటపట్టించడం మామకున్న హక్కు కదా. ఆ హక్కును ఆయన ఒక్క పూట కూడా వదులుకోలేదు. మా బండి వాగు దాటడం చూసిన ప్రతిసారీ ఏదో ఒకటి అనేవాడు. నాకు పెళ్ళి చేస్తే వచ్చే పిల్ల నా మాట వింటుందా, కుక్క మాట వింటుందా అని అందరి ముందూ అడిగేవాడు. బండివాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల ఉడికేది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. వెదురుతో తిరిగి వస్తూ అడవి అంచున సద్దిమూటలు విప్పాము. నేను తినేదాంట్లో సంగటి ముద్ద ఒకటి కుక్కకు వేశాను. అది ముద్దను ముట్టకుండా ముందు ఎద్దుల దగ్గరికి పోయి, అవి నీళ్ళు తాగాక వచ్చి తినింది. మామ అది చూశాడు.

"అల్లుడూ, మీ నాయన బండిని నీకు ఇయ్యలేదు, కుక్కకు ఇచ్చినాడు. నువ్వు బండిమీద మూటవి. మూటకు కోపం రాగూడదు."

అందరూ నవ్వారు. మూటకు కోపం వచ్చింది. వాళ్ళు బండ్లు కట్టుకొని ముందుకు కదిలారు. నేను కావాలనే వెనకబడ్డాను. వాళ్ళు మలుపు తిరిగాక, గోనెసంచులు కట్టే తాడు తీసి ఒక కొస కుక్క మెడకు, ఇంకో కొస ఇరుసుకు కట్టాను. ఈరోజు వాగు నేనే దాటిస్తాను, నువ్వు కింద ఉండు అన్నాను. కుక్కతో పందెం వేసుకున్న మగవాణ్ణి నేను. అది మొదట తాడును చూసింది, తర్వాత నన్ను చూసింది. పెనుగులాడలేదు. నాయన కట్టొద్దన్న సంగతి నాకు గుర్తు లేక కాదు. గుర్తుండే కట్టాను.

వాగుకు ముందు అర మైలు దూరంలో దారి వాలుగా దిగుతుంది. ఎండ మండిపోతోంది. కడుపునిండా సంగటి. బండి ఊగుతుంటే కళ్ళు మూతలు పడ్డాయి. బండిని చూసుకునే కుక్కను కట్టేసి, బండిని కుక్క చూసుకుంటుందిలే అన్న పాత నమ్మకంతోనే నేను నిద్రపోయాను. ఇంతకంటే తెలివితక్కువ పని మా తాలూకాలో ఎవడూ చేసి ఉండడు.

ఎద్దులు నిలబడ్డాయి. నాకు తెలిసింది. ఊగడం ఆగితే నిద్రలో కూడా తెలుస్తుంది. నేను కళ్ళు తెరవలేదు. హెయ్ అని ముల్లుగర్రతో పొడిచాను. నాలుగడుగులు వేసి మళ్ళీ నిలబడ్డాయి. మళ్ళీ పొడిచాను, ఈసారి గట్టిగా. ఈడ్చుకుంటూ ఇంకొంచెం నడిచాయి. మూడోసారి నిలబడ్డప్పుడు ఎంత అదిలించినా కదల్లేదు. అప్పుడు లేచాను.

తాడు పొడుగు ఎక్కువైంది. వదులుగా ఉన్న భాగం చక్రం ఆకుల మధ్య పడి చుట్టుకుంటూ పోయింది. చక్రం తిరిగిన కొద్దీ తాడు పొట్టిదైంది. ఇంతకంటే రాయను. మొదటిసారి ఎద్దులు నిలబడ్డప్పుడే నేను దిగి ఉంటే అది బతికేది. ఇది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చక్రం నుంచి తాడు కోసేటప్పుడు అందులో ఎన్ని చుట్లున్నాయో చూశాను.

కుక్కను ఎత్తుకొని దారి పక్క గండిలో, ఒక మద్దిచెట్టు మొదట్లో పెట్టి రాళ్ళు కప్పాను. తాడు ముక్కలు కూడా అందులోనే వేశాను. తాగడానికి పెట్టుకున్న నీళ్ళతో చక్రాన్ని కడిగాను. ఎద్దులు వాగులోకి దిగలేదు. నేను ముందు దిగి ముకుతాళ్ళు పట్టుకొని లాగితే, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ దాటాయి. అవతల ఒడ్డున మామవాళ్ళు నాకోసం బండ్లు ఆపుకొని ఉన్నారు. మామ మొదట చూసింది నా ముఖం కాదు, బండి కింద.

కుక్క ఏదని అడిగాడు. చిరుత అన్నాను.

ఆ మాట నేను ముందు అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చింది. అడవిలో కుక్కలను చిరుతలు ఎత్తుకుపోవడం మాకు కొత్త కాదు కాబట్టి ఎవరూ ఎదురడగలేదు. అందరూ కర్రలు, గొడ్డళ్ళు తీసుకొని ఎక్కడ, ఎక్కడ అని లేచారు. గండివైపు పోతారేమోనని భయమేసి, వాగు ఒడ్డున ఉన్న పొదలు చూపించాను. అబద్ధం చెబితే అతికినట్టుండాలంటారు. అతకడానికి ఇంకో అబద్ధం కావలసి వచ్చింది. చిరుత ఎద్దుల మీదికి దూకిందనీ, కుక్క అడ్డం పడిందనీ అన్నాను. ఎద్దులకోసం ప్రాణమిచ్చిందని మామ కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ దాన్ని ఎగతాళి చేశానని నా ముందు చెంపలు వేసుకున్నాడు. నేను ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే. అందుకే అబద్ధం అంత బాగా అతికింది.

పొద్దు వాలకముందే ఇల్లు చేరాము. బండి వీధిలోకి తిరగగానే నాయన అరుగుమీద నుంచి నాలుకతో చప్పుడు చేశాడు. ప్రతిసారీ చేసేవాడు. కుక్క ఇరుసు కింద నుంచి ఉరికి పోయి ఆయన మంచి కాలిమీద తల పెట్టేది. ఆయన ఇంకోసారి చప్పుడు చేశాడు. మామ బండి దిగి పోయి ఆయన పక్కన కూర్చొని జరిగింది చెప్పాడు. నా అబద్ధాన్ని నాకంటే బాగా చెప్పాడు. నేను ఎద్దులను విప్పుతూ, విప్పిన పలుపునే మళ్ళీ మళ్ళీ సవరించుకుంటూ కొట్టం దగ్గరే ఉండిపోయాను. తేలు కుట్టిన దొంగ ఎట్లా ఉంటాడో నాకు అప్పుడు తెలిసింది. అమ్మ కుక్కకు కూడు పోసే పెంకును గోడవారగా బోర్లించింది.

నాయన రెండురోజులు సరిగా తినలేదు. మూడోరోజు బండివాళ్ళందరినీ పిలిపించాడు. కుక్కను తలుచుకోవడానికేమోనని వాళ్ళు వచ్చారు. ఆయన తలుచుకోలేదు. తప్పు ఒప్పుకున్నాడు.

"కుక్కను కట్టొద్దని ఇరవై ఏండ్లు చెప్పినా. మావాడు నా మాట దాటలేదు. కట్టేసి ఉంటే అది బండి కిందనే ఉండేది, చిరుతకు దొరికేది గాదు. దాన్ని నా మాటే తినింది. మీరన్నా కట్టేసుకోండి."

నేను గుంజకు ఆనుకొని నిలబడి విన్నాను. కట్టొద్దన్న మాట ఒక్కటే ఆ కుక్కను బతికించగలిగి ఉండేది. ఆ మాట మీదే ఆయన హత్య మోపాడు. మావాడు నా మాట దాటలేదు అన్నప్పుడు నావైపు చూసి తల కూడా ఊపాడు. అప్పుడే చెప్పవలసింది. నోరు తెరిచాను కూడా. మామ నా భుజం మీద చెయ్యి వేసి, బాధపడకు అల్లుడూ అన్నాడు. నోరు మూసుకున్నాను.

మా నాయన మాట అంటే బండివాళ్ళకు శాసనం. మరుసటి ప్రయాణానికే అన్ని కుక్కల మెడల్లోనూ తాళ్ళు పడ్డాయి. నాయన అంతటితో ఊరుకోలేదు. బజారు తాళ్ళు తెగుతాయని తానే జనుపనార తెప్పించుకొని, అరుగుమీద కూర్చొని, బండికొకటి చొప్పున తాళ్ళు పేనడం మొదలుపెట్టాడు. ఆయనకు ఇక చేయగల పని అదొక్కటే అనుకున్నాడు. తాడు పేనాలంటే అవతలి కొస ఒకరు బిగించి పట్టుకోవాలి. ఇంట్లో ఉన్నరోజుల్లో ఆ కొస పట్టుకునేది నేను.

వాగు ఒడ్డున, నేను చూపించిన పొదల దగ్గర, బండివాళ్ళు ఒక రాయి పెట్టారు. ఆ దారిన పోయేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో రాయి వేసి పోయేవాళ్ళు. చచ్చినవాని కళ్ళు చారెడు అన్నట్టు, బతికున్నప్పుడు సగం చెవిదని వెక్కిరించినవాళ్ళే ఇప్పుడు దాని అందం చెప్పేవాళ్ళు. నేనూ రాయి వేసేవాణ్ణి, వేయకపోతే అడుగుతారని. కుక్క లేనిచోట గుట్ట పెరిగింది. కుక్క ఉన్నచోటికి నేను ఒక్కసారి కూడా పోలేదు.

మా ఎద్దులు మాత్రం పోయేవి. వాలులో ఆ మద్దిచెట్టు ఎదురుగా వచ్చేసరికి ప్రతిసారీ నిలబడిపోయేవి. పొడవడానికి నాకు చెయ్యి రాలేదు. కదిలినప్పుడే కదలనీ అని కూర్చునేవాణ్ణి. వెనకబడుతున్నానని ముందున్నవాళ్ళు అరిచేవాళ్ళు. చిరుత వచ్చింది వాగు దగ్గరైతే నీ ఎద్దులు ఇక్కడెందుకు ఆగుతాయని మామ ఒకసారి అడిగాడు. వాటినే అడుగు మామా అన్నాను. అదే మాట మామ నవ్వుతూ మా నాయనకు కూడా చెప్పాడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

నాలుగో ప్రయాణంలో అనుకుంటాను, మామ బండి నా ముందుంది. మామ కునుకు తీస్తున్నాడు. ఆయన కుక్క ముసలిది, నల్లది. ఇరుసు కింద తాడు ఒరుసుకుంటుంటే మెడ పక్కకు వంచుకొని నడుస్తోంది. వాలు వచ్చింది. చక్రం పక్కన తాడు వదులై నేలమీద పాకుతూ, బిగుస్తూ, మళ్ళీ పాకుతూ పోతోంది. దూకి పరుగెత్తి మామ బండిని ఆపి ముడి విప్పాను. మామ కళ్ళు నులుముకుంటూ దిగి నన్ను చూశాడు. కోప్పడలేదు.

"నీ బాధ నాకు తెలుసు అల్లుడూ. కుక్క మెడ చూస్తే నీకు అదే గుర్తొస్తాది. కానీ కట్టమన్నది మీ నాయన గదా."

అని నా చేతిలోంచి తాడు తీసుకొని మళ్ళీ కట్టాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, నన్ను చెప్పుతో కొట్టినా అంత సిగ్గుపడి ఉండను. నా తప్పు కూడా వాళ్ళకు నా మంచితనంలాగే కనబడుతోంది.

ఆ మరుసటి రోజు పొద్దున నాయన మామ కుక్కకోసం కొత్త తాడు పేనుతున్నాడు. పాతది అరిగిపోతోందని మామే అడిగి పోయాడు. నేను వాకిట్లో అవతలి కొస పట్టుకొని నిలబడ్డాను. ఆయన పురి ఎక్కిస్తుంటే అది నారవెంట పాకి వచ్చి నా వేళ్ళకు తగులుతోంది. ఇది ఆరోజు దాని మెడలో ఉండి ఉంటే అని ఆయన తనలో తాను అనుకున్నాడు. అంతకుముందు కూడా ఎన్నోసార్లు అన్న మాటే. ఆరోజు మాత్రం నేను నిలబడలేకపోయాను.

"నాయనా, చిరుత రాలేదు. కుక్కను నేనే ఇరుసుకు కట్టేసినా. తాడు చక్రంలో పడింది. నేను నిద్రపోయినా."

ఆయన చేతులు ఆగాయి. ఏదో అంటాడని చూశాను. తిడతాడని, కొడతాడని, ఏడుస్తాడని అనుకున్నాను. మూడింటికీ సిద్ధంగానే ఉన్నాను. ఎద్దుల సంగతి చెప్పకుండా దాచుకున్నానని, అంత ఒప్పుకోలులో కూడా నాకోసం ఒక ముక్క మిగుల్చుకున్నానని ఆ క్షణంలో నాకు బాగా తెలుసు. నిద్రపోయినా అన్నమాట ఎంత సుఖంగా ఉందో. నిద్రపోయినవాడిది సగం తప్పే.

నాయన తాడువెంట చూస్తూ, చాలా మెల్లగా అడిగాడు.

"ఎద్దులు నిలబడలేదా?"

నేను తల వంచుకున్నాను.

"నిలబడినాయి."

"నిలబడితే?"

"పొడిచినా."

"ఎన్ని తూర్లు?"

"రెండు తూర్లు. మూడోసారి దిగినా."

ఆయన తన కొసను వదిలేశాడు. ఎక్కిన పురి అంతా ఒక్కసారిగా సుడులు తిరిగి వదులైపోయింది. నా చేతిలో తాడు కాస్తా పీచై వేలాడింది. ఆయన గోడ పట్టుకొని లేచి, కుంటుకుంటూ లోపలికి పోయాడు. నాకేమో ఆ కొస కింద పడేయడానికి కూడా ధైర్యం చాల్లేదు.

సాయంత్రం మామ తాడుకోసం వచ్చాడు. బండివాళ్ళు ఇద్దరు వెంట ఉన్నారు. నాయన అరుగుమీదే ఉన్నాడు. ఇప్పుడు చెప్పేస్తాడు, నా బతుకు ఇంతటితో సరి అనుకున్నాను. నాయన, తాళ్ళన్నీ విప్పేయమన్నాడు. తాను చెప్పింది తప్పనీ, ముందు చెప్పిందే ఒప్పనీ అన్నాడు. కారణం చెప్పలేదు. మామకు అర్థం కాలేదు.

"మొన్న కట్టమంటివి, ఇయ్యాల విప్పమంటివి. నీ మాటకు నిలకడ ఏంది బావా?"

ముసలితనమని నాయన నవ్వాడు. ఆయనకు అప్పటికి యాభై కూడా నిండలేదు. వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. కుక్క పోయిన దిగులుతో మనిషికి మతి చలించిందని గొణుక్కుంటూ పోయారు. తాళ్ళు మాత్రం విప్పేశారు. నల్లకుక్క ఇంకో రెండేళ్ళు బండి కింద తిరిగింది. కానీ ఆ తర్వాత బండి సంగతిగానీ, ఎద్దుల సంగతిగానీ మా నాయనను సలహా అడగడానికి ఎవరూ రాలేదు. ఇరవై ఏళ్ళ మాట ఒక్క పూటలో చిల్లరైపోయింది. దాన్ని నిలబెట్టడానికి నేను ఒక్క ముక్క చెబితే చాలు. వాకిట్లోనే ఉన్నాను. చెప్పలేదు. మామ బతికున్నంతకాలం చెప్పలేదు.

నాయన కూడా నన్ను మళ్ళీ ఆ మాట ఎత్తి ఏమీ అనలేదు. కుక్క పేరుతో ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తరువాత పన్నెండేళ్ళు బతికాడు. ఆ పన్నెండేళ్ళలో నేను బండి కట్టుకొని బయలుదేరిన ప్రతిసారీ, పక్కన ఎవరున్నా సరే, అరుగుమీద నుంచి ఒకటే మాట చెప్పేవాడు.

"ఎద్దులు నిలబడితే దిగి చూడు."

విన్నవాళ్ళు, కొడుకుమీద ఎంత జాగ్రత్తో చూడు ముసలాయనకు అనుకునేవాళ్ళు. నేను ఆయన ముఖం చూడకుండా, సరే నాయనా అని ఎద్దులను అదిలించేవాణ్ణి.